నాన్నగారి పనిముట్లు, కూలిపోయిన కట్టెల స్టాండు

పేరు వద్దంటూ ఒక పాఠకురాలు పెద్ద ఉత్తరం రాశారు. సంగతి ఇది. నాన్నగారు పోయాక ఆమె అమ్మ దగ్గరే ఉంటున్నారు. పొలం వేరేవాళ్లు చేస్తున్నారు గానీ నాన్నగారి పనిముట్లన్నీ షెడ్డులోనే ఉన్నాయి: ట్రాక్టర్ గొర్రు (కల్టివేటర్), పళ్లేల్లాంటి డిస్కులతో మట్టిని చీల్చే డిస్క్ హారో, విత్తనాలు వేసే సీడ్ డ్రిల్, టైర్లు అరిగిన ట్రాలీ, మందు కొట్టే ట్యాంకు, ఎప్పటివో బండి చక్రాల ఇనుప కట్లు. ఇంట్లో వంటకీ చలికీ కట్టెలే ఆధారం. ఆ కట్టెలు నేల మీద కుప్పగా పడి ఉండడంతో అడుగున చెద పట్టింది. తడి కట్టెల పొగకు అమ్మకు దగ్గు ఎక్కువైంది, పొగకు దూరంగా ఉండమని డాక్టర్ గట్టిగా చెప్పారు. అందుకని ఆమె పాత పనిముట్లతో కట్టెల స్టాండ్లు చేద్దామనుకున్నారు. వెల్డింగ్ కూడా కొంత నేర్చుకున్నారు.

మొదటి ప్రయత్నంగా ట్రాలీ డోర్లు రెండింటిని ఎదురెదురుగా నిలబెట్టి, బైండింగ్ వైరుతో కట్టి, మధ్యలో మనిషెత్తు కట్టెలు పేర్చారు. పైన, పక్కల టార్పాలిన్ చుట్టేశారు. నాలుగు వానలు పడ్డాక ఒక రాత్రి మొత్తం కూలింది. ఎవరికీ ఏమీ కాలేదు కానీ, పగలైతే ఆ పక్కనే పిల్లలు ఆడుకుంటుంటారు. వేరే ఊళ్లో ఉండే తమ్ముడు ఆ స్టాండు ఫోటో చూసి, "అక్కా, ఇంక ఈ ప్రయోగాలు చాలు, అన్నీ పాత ఇనుము కింద అమ్మేసి పంచుకుందాం" అన్నాడు. అమ్మేమో, "మీ నాన్న చెయ్యి పడ్డ ఇనుము మీద గ్రైండర్ పెడితే ఊరుకోను" అంటున్నారు. "ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను. నేను చేస్తున్నది తప్పా? ఎవరి మాట వినాలి? ఏ పనిముట్టుతో ఏం చేయొచ్చు? వెల్డింగ్ నేనే చేసుకోవచ్చా?" అని అడుగుతున్నారు.

అమ్మా, మీ ఉత్తరంలో ఇనుము గురించి పేజీలకు పేజీలు ఉంది, నాన్నగారి గురించి రెండే వాక్యాలున్నాయి. ఆ రెండు వాక్యాలను నేను మళ్లీ మళ్లీ చదివాను. వాటి దగ్గరికి తర్వాత వస్తాను. ముందు మీ నిద్ర చెడగొడుతున్న విషయం, ఆ కూలిన స్టాండు సంగతి చూద్దాం. అది ఎందుకు కూలిందో తెలిస్తే మీ చేతుల మీద మీకు నమ్మకం తిరిగొస్తుంది.

కట్టెల బరువును చాలామంది తక్కువ అంచనా వేస్తారు. 2 మీటర్ల పొడవు, 1.2 మీటర్ల ఎత్తు, 40 సెంటీమీటర్ల లోతు ఉన్న పేర్పు తీసుకోండి. చూడ్డానికి చిన్నదే, కానీ అది దాదాపు ఒక ఘనపు మీటరు. అందులో మూడో వంతు కట్టెల మధ్య ఖాళీ అనుకున్నా, గట్టి జాతి చెట్టు కట్టె బాగా ఎండాక కూడా 400 కిలోలకు పైనే తూగుతుంది. పచ్చిదైతే ఇంకా చాలా ఎక్కువ. మీరు పేర్చింది మనిషెత్తు, పైగా పచ్చి కట్టె. ఆ బరువంతా ట్రాలీ డోర్ల సన్నటి అంచుల మీదుగా మెత్తటి నేలలోకి దిగింది. వానకు ఒక వైపు నేల మెత్తబడగానే అటు కుంగింది. దానికి తోడు, కట్టె ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది. ఒక వైపు ముందు ఆరితే పేర్పు అటు ఒరుగుతుంది, ఎంత బాగా పేర్చినా కాస్త కదులుతుంది. బైండింగ్ వైరు లాగుడుకు ఆగుతుంది గానీ పక్కకు ఒరిగే బరువును ఆపలేదు. నాలుగు మూలల ఫ్రేముకు ఏటవాలుగా ఒక పట్టీ లేకపోతే అది ఎటైనా వాలిపోతుంది. మీ ఫోటోలో అలాంటి పట్టీ ఒక్కటి కూడా కనిపించలేదు.

అంటే పాత సామాను వాడటం వల్ల మీ స్టాండు కూలలేదు. ఎత్తు ఎక్కువ, అడుగు సన్నం, నేల మెత్తన, అడ్డపట్టీ లేదు. కొత్త ఇనుము తెచ్చి అలాగే కట్టినా కూలేది. ఈ మాట తమ్ముడికి చెప్పండి, వాదించడానికి కాదు, కారణం తెలిసిందని చెప్పడానికి. అయితే అతని భయాన్ని కొట్టిపారేయకండి. పిల్లలు ఆడుకునే చోట అర టన్ను కట్టెలు కూలడమంటే మామూలు విషయం కాదు. ఇక నుంచి ఏ పేర్పైనా 1.2 మీటర్ల ఎత్తు దాటనివ్వకండి. లోతుకు మూడు రెట్లకు మించి ఎత్తు పోకూడదని ఒక లెక్క ఉంది, దాన్ని గట్టిగా పట్టుకోండి. పిల్లలు ఎక్కడానికి వీల్లేని చోటు చూడండి.

ఇప్పుడు అమ్మగారి దగ్గు. దీనికి స్టాండు పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు. ఈ రోజే చేయాల్సిన పని ఒకటుంది: పక్కల చుట్టిన టార్పాలిన్ తీసేయండి. పచ్చి కట్టెలో ఉండే నీరు దాని ఎండు బరువులో సగం దాకా, కొన్ని జాతుల్లో అంతకన్నా ఎక్కువ ఉంటుంది. పొయ్యిలో శుభ్రంగా మండాలంటే అది 20 శాతం లోపుకు దిగాలి. ఆ నీరు పోవాల్సింది గాలికే. చుట్టూ టార్పాలిన్ కప్పితే లోపల చెమట పట్టి, ఆ నీరే మళ్లీ కట్టె మీద పడుతుంది, బూజు పడుతుంది. మీరు వానకు తడవకుండా కాపాడుతున్నాననుకున్నారు, అది లోపలి తడిని బయటికి పోనివ్వలేదు. పైన మాత్రం రేకో టార్పాలినో ఉంచి, నాలుగు పక్కలూ వదిలేయండి. చిన్న జల్లుకు పైపైన తడిసిన కట్టె ఒకటి రెండు రోజుల్లో ఆరిపోతుంది, లోపలి పచ్చిదనం పోవడానికి మాత్రం నెలలు పడుతుంది.

మొద్దులు మొద్దులుగా ఉన్నవాటిని చీల్చి పెట్టండి. బెరడు తడిని పట్టి ఉంచుతుంది, కోసిన ముఖాల్లోంచే తడి ఎక్కువ పోతుంది. చీల్చిన మెత్తజాతి కట్టె 6 నెలల్లో పనికొస్తే, గట్టిజాతికి ఏడాది, ఒక్కోసారి రెండేళ్లు పడుతుంది. ఎండిందో లేదో తెలుసుకోవాలంటే రెండు ముక్కలు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినవి ఖంగుమంటాయి, పచ్చివి దబ్బుమంటాయి. చివర్ల పగుళ్లు తేలతాయి, చేతికి తేలిగ్గా అనిపిస్తుంది. తేమ కొలిచే చిన్న మీటరు ఉంటే ముక్కను అప్పటికప్పుడు చీల్చి, లోపలి ముఖం మీద పెట్టి చూడాలి. పైన పెడితే అది చెప్పేది నమ్మకూడదు.

ఇంకో మాట నిజాయితీగా చెప్పాలి. ఈ చలికాలానికి మీ దగ్గరున్న పచ్చి కట్టెను ఏ స్టాండూ ఆరబెట్టలేదు. ఈ సీజన్‌కు ఎండిన కట్టె ఎక్కడైనా దొరికితే తెచ్చుకోండి, లేదా అమ్మగారు ఉండే గదిలో పొయ్యి వాడకం తగ్గించి వేరే ఏర్పాటు చూడండి. పొగగొట్టం శుభ్రం చేయించండి, తడి కట్టె పొగకు లోపల తారులాంటి మడ్డి పేరుకుని గొట్టంలోనే నిప్పంటుకునే ప్రమాదం ఉంది. స్టాండు మీద ఆశ పెట్టుకుని డాక్టర్ చెప్పింది వాయిదా వేయకండి.

ఇక పనిముట్లు. ఒక్కొక్కటీ చూసే ముందు ఒక విషయం గమనించండి. మీ అమ్మగారు కోయొద్దంటున్నారు. మీ షెడ్డులోని ఇనుము కూడా చాలావరకు అదే అంటుంది. నేలను చీల్చే భాగాలన్నీ, అంటే డిస్కులు, గొర్రు పళ్ళు, వాటి చివర ఉండే కర్రులు, మామూలు ఇనుము కావు. గట్టిదనం కోసం కార్బన్ ఎక్కువ కలిపి, కాల్చి చల్లార్చి చేసిన ఉక్కు. వాటికి వెల్డింగ్ పెడితే అతుకు పక్కన ఉక్కు పెళుసుబారుతుంది. చూడ్డానికి బలంగానే ఉంటుంది, బరువు పడ్డాక ఒక రోజు టక్కున విరుగుతుంది. పోత ఇనుము భాగాలు వెల్డింగ్ వేడికి పగులుతాయి. కాబట్టి ఈ సామానుతో చేయదగ్గ మంచి పని ఎక్కువగా నట్లూ బోల్టులతోనే అవుతుంది. బోల్టు విప్పితే వస్తువు మళ్లీ యథాస్థితికి వస్తుంది. అమ్మగారి షరతు, ఇనుము స్వభావం, తమ్ముడి వాటా, ఈ మూడూ ఒకే దారి చూపిస్తున్నాయని నాకనిపిస్తోంది: ముందు కోయకుండా అయ్యే పనులు చేయండి.

అందులో అన్నిటికన్నా నాకు నచ్చింది మీ గొర్రు. దాని ఫ్రేము గట్టి చదరపు పైపుతో చేసి ఉంటుంది, పళ్ళు క్లాంపులతో బిగించి ఉంటాయి. ఆ గొర్రును వెల్లకిలా తిప్పి రాళ్ల మీదో సిమెంటు దిమ్మెల మీదో సమమట్టంగా కూర్చోబెట్టండి. మధ్యలో పళ్ళు విప్పేసి, రెండు చివర్లా ఉన్నవి మాత్రం ఉంచండి. పైకి తిరిగిన ఆ పళ్ళే కట్టెలను రెండు వైపులా ఆపే కొమ్ములవుతాయి. ఫ్రేము అడ్డపట్టీల మీద రెండు మూడు పొడవాటి పైపులు పరిస్తే కట్టెకు అడుగు సిద్ధం. ఎత్తు తక్కువే వస్తుంది, కానీ ఫ్రేము వెడల్పు కాబట్టి ఒరగదు, వరసలు రెండు వెనకా ముందూ పేర్చుకోవచ్చు. కర్రులు విప్పి, గ్రీజు పూసి, గోనెసంచిలో చుట్టి దాచండి. రేపు ఎవరైనా గొర్రు కావాలంటే అరపూటలో మళ్లీ గొర్రవుతుంది.

రెండు జాగ్రత్తలు. మామూలు తొమ్మిది పళ్ళ గొర్రు 200 కిలోల దరిదాపుల్లో ఉంటుంది. దాన్ని మనుషులు పట్టి తిప్పాలని చూడొద్దు, బరువులెత్తే చైన్ బ్లాకు గానీ ట్రాక్టర్ గానీ ఉండాలి. మీ గొర్రు స్ప్రింగుల రకమైతే ఆ స్ప్రింగులను విప్పకండి. అవి లాగి బిగించి ఉంటాయి, నట్టు వదులవగానే తన్నుకొస్తాయి. స్ప్రింగుతో సహా పన్నును క్లాంపు దగ్గర విప్పడం ఒక్కటే క్షేమం. బిగుసుకుపోయిన నట్లకు తుప్పు వదిలించే నూనె కొట్టి ఒక రాత్రి వదిలేయండి, పొడవాటి స్పానరు వాడండి, తొందరపడి గ్రైండర్ అందుకోకండి.

డిస్క్ హారో డిస్కులు స్టాండు కాళ్ల కింద పాదాలుగా అద్భుతంగా పనికొస్తాయి. మొదటి స్టాండుకు లోపించింది సరిగ్గా అదే. పళ్లెంలా ఉన్న డిస్కును బోర్లిస్తే నీళ్లు నిలవవు, బరువు వెడల్పుగా పంచుకుంటుంది. మధ్యలో రంధ్రం ముందే ఉంటుంది కాబట్టి మందపాటి వాషరు వేసి బోల్టు బిగించేయొచ్చు. అంచు పదును ఉంటే ఆకురాయితో మొద్దుబార్చండి, కింద కంకర పరచండి. డిస్కులు విప్పితే హారో పనికిరాకుండా పోతుందేమోనని అమ్మగారికి అనిపించవచ్చు. ముందు అరిగిపోయినవి ఏమైనా విడిగా పడి ఉన్నాయేమో చూడండి, చాలా షెడ్లలో ఉంటాయి.

ట్రాలీకి అసలు ఏమీ చేయక్కర్లేదు. డోర్లు దింపి, ఇరుసు కింద గట్టి దిమ్మెలు పెట్టి, నేల రేకు మీద అడ్డంగా కర్రలు పరిచి కట్టెలు పేర్చుకుంటే చాలు. అది నేలకు ఎత్తుగానే ఉంది, చెదకు దారి దొరకడం కష్టం, పైకెక్కిన మట్టి గూళ్లు ఉంటే కళ్లకు కనబడతాయి. అరిగిన టైర్ల మీద మాత్రం బరువు వదలకండి. నీళ్లు నిలవకుండా ట్రాలీని కాస్త వాలుగా పెట్టండి. పని వెంటనే కావాలంటే ఇదే దగ్గర దారి, పైగా ఎప్పుడైనా అమ్ముకోవచ్చు.

బండి చక్రపు ఇనుప కట్లు అందంగా ఉంటాయి, గుండ్రటి స్టాండు మీద మీకు మోజు ఉందని ఉత్తరంలోనే తెలుస్తోంది. చేసుకోండి, కానీ గుమ్మం దగ్గర రెండు మూడు రోజుల కట్టెకు మాత్రమే. రెండు కట్లను ఒకదాని వెనక ఒకటి నిలబెట్టి పట్టీలతో కలిపి, కింద దొర్లకుండా బేస్ బిగించాలి. పెద్ద నిల్వకు అది తగదు.

సీడ్ డ్రిల్ డబ్బాలోనూ మందు ట్యాంకులోనూ కట్టె పెట్టొద్దు. విత్తనశుద్ధి మందుల పొడి, పురుగుమందు మిగులు వాటి మూలల్లో ఉండిపోతాయి. దాన్ని పీల్చుకున్న కట్టె మీ అమ్మగారి గదిలో కాలుతుంది. మూత ఉన్న ఏ ట్యాంకునైనా, ముఖ్యంగా డీజిల్ డ్రమ్మును, గ్రైండర్‌తో గానీ గ్యాస్‌తో గానీ కోయకండి. ఖాళీగా కనిపించే డ్రమ్ములో మిగిలిన ఆవిరే పేలుతుంది.

స్టాండు ఎక్కడ పెట్టాలన్నది కూడా కొంచెం ఆలోచించండి. ఇంటి గోడకు ఆనించి పేర్చడం సులువే, కానీ చెద, పాములు, తేళ్లు అటు నుంచే ఇంట్లోకి దారి చేసుకుంటాయి, నిప్పు భయం సరేసరి. పెద్ద నిల్వ ఇంటికి 10 మీటర్ల దూరంలో, గాలి తగిలే చోట, నేలకు ఒక జానెడు ఎత్తులో ఉండాలి.

ఇప్పుడు ఇంట్లో మనుషుల సంగతి. తమ్ముడు అమ్మేద్దాం అనడాన్ని మీరు నాన్నగారి మీద ప్రేమ లేకపోవడంగా రాశారు. నాకు అలా అనిపించలేదు. పంపకం జరగని సామాను మీ ముగ్గురిదీ. పనిచేసే గొర్రుకు గొర్రుగా ఉన్న విలువ, ముక్కలు చేశాక ఉండదు, అప్పుడు తూకం వేసే ఇనుమే. మీరు అతన్ని అడక్కుండా కోస్తే అతని వాటా తగ్గించినట్టే. అతను ఆ మాట పైకి అనలేక "ప్రయోగాలు చాలు" అన్నాడేమో.

మీ ముందు మూడు దారులున్నాయి. మొత్తం అమ్మేయడం మొదటిది. తమ్ముడు శాంతిస్తాడు, ఆ డబ్బుతో కొత్త పైపులు కొని రెండు స్టాండ్లు చేయించుకోవచ్చు, వెల్డింగ్ కూడా నిశ్చింతగా అవుతుంది. కానీ షెడ్డు ఖాళీ అయిన రోజు అమ్మగారు ఎలా ఉంటారో మీకే తెలియాలి. ఏదీ కదపకుండా ఉంచేయడం రెండోది. ఈ ఏడాదికి గొడవ ఉండదు, కానీ తుప్పు ఆగదు, తమ్ముడి అసంతృప్తీ ఆగదు, కట్టెలు నేల మీదే ఉంటాయి. మూడోది, ముగ్గురూ కూర్చుని షెడ్డులో ఒక్కొక్క వస్తువు ముందూ నిలబడి నిర్ణయించుకోవడం: ఇది ఉంచాలి, ఇది అమ్మాలి, ఇది విప్పి వాడుకోవాలి, కానీ కోయకూడదు. దీనికి ఓపిక కావాలి, ఒకటి రెండు మాటలు నొప్పించేవి కూడా వినాల్సి రావచ్చు. మీ ఉత్తరం చదివితే మీరు ఈ మూడో దారికే దగ్గరగా ఉన్నట్టున్నారు. సీడ్ డ్రిల్, వాడకంలో లేని హారో లాంటివి అమ్మి తమ్ముడి వాటా అతనికి ఇచ్చి, ట్రాలీ, గొర్రు మీరు ఉంచుకుంటే, అతను ఒప్పుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది.

అమ్మగారిని మాత్రం ఒక ప్రశ్న అడగండి: ఏ వస్తువు అస్సలు ముట్టుకోకూడదు? అన్నీ అనకపోవచ్చు. ఒక్కటి చూపిస్తే దాన్ని శుభ్రం చేసి, నూనె రాసి, అలాగే ఉంచండి, దాని మీద కట్టె ముక్క కూడా పెట్టకండి. గొర్రును తిప్పేటప్పుడు ఆవిడను అక్కడ ఉండమనండి. ఏదీ విరగడం లేదని కళ్లారా చూస్తే భయం కొంత తగ్గుతుంది.

ఇక ఆ రెండు వాక్యాలు. "నాన్న సాయంత్రం పనిముట్లు కడిగి తుడిచేవరకు ఇంట్లోకి వచ్చేవారు కాదు. నేను వెల్డింగ్ నేర్చుకుంది ఆయన చూస్తే బాగుండేది." అమ్మా, మీకు కట్టెల స్టాండు కావాలి, అది నిజం. నాన్నగారి సామానుతో మీ చేతులతో ఏదైనా చేయాలనీ ఉంది, అదీ నిజమే, అందులో తప్పేమీ లేదు. కానీ ఆ రెండో కోరిక భారాన్ని స్టాండు మీద పెడితే, అది కూలినప్పుడు కట్టెలకంటే ఎక్కువే కూలినట్టు అనిపిస్తుంది. మీకు అదే జరిగింది. ఆ దిగులును తమ్ముడితో ఒకసారి మాటల్లో చెప్పండి. ఇప్పటిదాకా మీరిద్దరూ ఇనుము గురించే మాట్లాడుకున్నారు.

చివరగా, వెల్డింగ్ మీరే చేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చు, కొత్తగా కొన్న మామూలు యాంగ్లర్ (L ఆకారపు ఇనుప పట్టీ) ముక్కలతో ఏటవాలు పట్టీలు, పైకప్పు రేకుకు ఫ్రేము చేసేటప్పుడు. డిస్కులు, పళ్ళు, పోత ఇనుము మీద వద్దు. జింకు పూత ఉన్న పైపుకు వెల్డింగ్ పెట్టాల్సొస్తే అతుకు దగ్గర పూత పూర్తిగా గీకేసి, ఆరుబయటే పెట్టండి. ఆ తెల్లటి పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి. పాత పనిముట్ల రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి పొడిగా గ్రైండర్ పట్టకండి, తడిపి గీకండి, మాస్కు పెట్టుకోండి, ఆ పొడి పిల్లలు తిరిగే చోట పడనివ్వకండి. స్టాండు తయారయ్యాక ఒకేసారి నింపేయొద్దు. సగం పేర్చి, ఒక మంచి వాన పడేదాకా ఆగి, గుండు తాడు వేసి చూడండి. కాళ్లు కుంగకుండా నిటారుగా ఉంటే మిగతా సగం పేర్చండి.